వరద నీటి బరువెంత?

బావి దగ్గర నుంచి ఇంటికి బిందెడు నీళ్లు మోసుకొచ్చిన వాళ్లకి నీటి బరువు సంగతి వేరే చెప్పనక్కరలేదు. 15 లీటర్లు పట్టే బిందె అయితే నీరే 15 కిలోలు. మరి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న తొట్టిని నింపితే? అందులో వెయ్యి లీటర్లు పడతాయి. అంటే వెయ్యి కిలోలు. ఒక టన్ను!

ఇప్పుడు గోదావరి దగ్గరికి వెళదాం. 1986 ఆగస్టులో వచ్చిన వరదకు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించింది. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే దాన్ని ఒక క్యూసెక్కు అంటారు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. ఇక గుణించి చూడండి. సెకనుకు దాదాపు లక్ష టన్నులు! మీరు నోటితో ‘ఒకటి’ అనేలోగా లక్ష టన్నుల నీరు మీ ముందు నుంచి సాగిపోతుందన్నమాట.

ఇంత బరువును ఆపడం మన ఇంటి గోడల వల్ల కాదు. అయినా వరదలో మనిషి బతకవచ్చు, ఇంటినీ చాలావరకు కాపాడుకోవచ్చు. దానికి కావలసింది నీటి పద్ధతి తెలియడం. నీరు నాలుగు పనులు చేస్తుంది. నిలిచి ఉన్నప్పుడు నెడుతుంది. తనకన్నా తేలికైన దాన్ని పైకెత్తుతుంది. పారేటప్పుడు పడదోస్తుంది. చివరికి, తాకిన ప్రతిదాన్నీ నానబెడుతుంది. వరద రోజుల్లో పెద్దలు చెప్పే జాగ్రత్తలన్నీ ఈ నాలుగింటిలోంచి వచ్చినవే. కారణం తెలిస్తే వాటిని బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

అంకెలు ఏం చెబుతున్నాయి?

వానాకాలంలో వార్తల్లో వింటూనే ఉంటారు: ‘భద్రాచలం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారు’ అని. అక్కడ గోదావరి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986లో అక్కడ నీరు 75.6 అడుగుల దాకా పెరిగింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది.

ధవళేశ్వరం దగ్గర కూడా మూడు హెచ్చరికలున్నాయి. కాని అక్కడి అంకెలు 11.75, 13.75, 17.75 అడుగులు. ఇదేమిటి, భద్రాచలంలో 43 అడుగులకు గాని రాని ప్రమాదం ఇక్కడ 12 అడుగులకే వస్తుందా అని మీకు సందేహం రావచ్చు. ఈ అంకెలు నది లోతులు కావు. ప్రతిచోటా ఒక మట్టాన్ని సున్నా అనుకొని అక్కడి నుంచి కొలత మొదలుపెడతారు. ఆ సున్నా ఊరికొక చోట ఉంటుంది. కాబట్టి ఒక ఊరి అంకెను ఇంకో ఊరి అంకెతో పోల్చకూడదు. ఈ రోజు అంకెను అదే ఊళ్లో నిన్నటి అంకెతో పోల్చాలి. గంటకు ఎంత పెరుగుతోంది, పెరుగుదల మందగించిందా, ఇంకా జోరుగానే ఉందా? చూడవలసింది అది.

గోదావరి వంటి పెద్ద నదిలో ఒక మేలుంది. ఎగువన పడిన వాన దిగువకు చేరడానికి సమయం పడుతుంది. భద్రాచలంలో నీరు పెరిగిన చాలా గంటలకు గాని ఆ ప్రభావం కోనసీమ లంకల్లో పూర్తిగా కనిపించదు. ఆ గంటలే మనకు దొరికే గడువు.

చిన్న ఏళ్లూ వాగులూ అలా గడువివ్వవు. విజయవాడ పక్కన పారే బుడమేరు మామూలు రోజుల్లో చిన్న ఏరే. 2024 ఆగస్టు నెలాఖరులో కుండపోతగా వానలు కురిసి దాని గట్లకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు ఒకటో తేదీకల్లా సింగ్ నగర్ వంటి పేటలు నీట మునిగాయి. ఎంతోమంది రోజుల తరబడి డాబాల మీద, పై అంతస్తుల్లో గడపవలసి వచ్చింది. అంచేత మీ ఊరికి ముప్పు పెద్ద నది వల్లనా, వాగు వల్లనా, చెరువు గట్టు వల్లనా అన్నది ముందుగానే తెలుసుకొని ఉండాలి. నది అయితే సర్దుకోవడానికి వేళ ఉంటుంది. వాగయితే వాన జోరు చూసి వెంటనే కదలాలి.

నిలిచిన నీరు కూడా నెడుతుంది

నీటిలో లోతుకు వెళ్లినకొద్దీ పీడనం పెరుగుతుందని మీరు చదువుకున్నారు. మన వీధి తలుపు విషయంలో ఆ పాఠం ఏమవుతుందో చూద్దాం. తలుపు వెడల్పు ఒక మీటరు అనుకోండి. లోపల పొడిగా ఉంది, బయట నీరు నిలిచింది. ఆ నీరు తలుపును ఎంత బలంతో నెడుతుంది?

అడుగు లోతు నీరుంటే సుమారు 45 కిలోల బరువంత.
రెండడుగులుంటే సుమారు 180 కిలోలు.
మూడడుగులుంటే సుమారు 400 కిలోలు.
నాలుగడుగులుంటే 700 కిలోలకు పైమాటే.

చూశారా! లోతు రెండింతలైతే తోపు రెండింతలు కాలేదు, నాలుగింతలైంది. లోతు మూడింతలైతే తోపు తొమ్మిదింతలు. కారణం సులువే. లోతు పెరిగినప్పుడు నీరు తాకే వైశాల్యమూ పెరుగుతుంది, అడుగున పీడనమూ పెరుగుతుంది. రెండూ కలిసి తోపును వర్గంగా పెంచుతాయి.

రెండడుగుల నీరు చేరాక, బయటికి తెరుచుకునే తలుపును లోపలి నుంచి తొయ్యడం ఒక మనిషి వల్ల కాదన్న మాట ఇందులోంచే వచ్చింది. ఇంట్లోంచి బయటపడాలనుకుంటే నీరు గుమ్మానికి రాకముందే బయటపడాలి. ‘ఇంకొంచెం చూద్దాం’ అనుకుంటే తలుపే మనల్ని ఆపేస్తుంది.

ఇక గోడ మాట. మూడు మీటర్ల పొడవున్న గోడకు బయట మీటరు లోతు నీరు నిలిస్తే, గోడ మీద పడే తోపు ఒకటిన్నర టన్నులు. ఇటుక గోడను మనం పైకప్పు బరువు మొయ్యడానికి కడతాం. పైనుంచి వచ్చే బరువును అది ఏళ్ల తరబడి మోస్తుంది. పక్కనుంచి వచ్చే తోపుకు మాత్రం అంతగా తట్టుకోలేదు.

నీటికి దారి ఎందుకివ్వాలి?

అయితే తలుపు సందులన్నీ మూసి, గుమ్మాలకు బస్తాలు పేర్చి, ఒక్క చుక్కయినా లోపలికి రానివ్వకుండా చేస్తే ఇల్లు క్షేమంగా ఉంటుందా? జానెడు నీటికీ, అడుగు నీటికీ ఆ పని మంచిదే. ఇసుక బస్తాను మూడింట రెండు వంతులు మాత్రమే నింపాలి. బిగువుగా నింపితే బస్తాల మధ్య సందులు పడతాయి. ఇటుకలు పేర్చినట్టు, కింది వరసలోని సందు మీద పై వరస బస్తా వచ్చేలా పరచాలి. నీరు వచ్చే వైపు ఒక పాలిథిన్ పట్టా వేసి, దాని అంచును బస్తాల కిందికి మడవాలి.

కాని నీరు రెండు మూడు అడుగులు దాటి పెరుగుతున్నప్పుడు కూడా పంతం పట్టి ఆపితే గోడే కూలవచ్చు. అప్పుడు నీటిని లోపలికి రానివ్వడమే మేలు. వింతగా ఉంది కదూ? ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి.

పలచని పాలిథిన్ సంచిలో చెయ్యి పెట్టి, సంచి మూతి పైకి ఉండేలా నీళ్ల బకెట్టులో ముంచండి. సంచి అన్ని వైపుల నుంచీ చేతికి బిగుసుకుంటుంది. బయటి నీరు నెడుతున్న తోపు అది. ఇప్పుడు ఒక చెంబుతో సంచిలోపల నీళ్లు పొయ్యండి. బిగువు పోయి సంచి వదులవుతుంది. లోపలి నీరు బయటికి నెడుతోంది, బయటి నీరు లోపలికి నెడుతోంది. రెండు తోపులూ సరిసమానమయ్యాయి.

ఇల్లు కూడా ఆ సంచి వంటిదే. లోపలా బయటా నీరు ఒకే మట్టంలో ఉంటే గోడ మీద మిగిలే తోపు చాలా తక్కువ. సామాను తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, గోడ కూలితే మళ్లీ కట్టాలి. అయితే సామాను పైకి చేర్చి, మనుషులు బయటికి వెళ్లిపోయాక చెయ్యవలసిన పని ఇది. ఇంట్లో కూర్చుని నీటికి తలుపులు తెరవమని దీని అర్థం కాదు.

వరద తీసిన తరువాత కూడా ఈ సూత్రాన్ని మరవకూడదు. నేలమాళిగలో నీరు నిండి ఉందనుకోండి. మోటారు పెట్టి ఒక్కసారిగా తోడేస్తే లోపలి తోపు పోతుంది. బయట నానిన మట్టిలోని నీటి తోపు మాత్రం అలాగే ఉంటుంది. గోడ లోపలికి విరుచుకుపడవచ్చు. అందుకని రోజుకు కొంచెం కొంచెంగా తోడాలి.

గోదావరి ఏటిగట్లను కాపలా కాసేవారు ఈ పాఠాన్ని ఇంకో విధంగా వాడతారు. వరద పోటు మీద ఉన్నప్పుడు గట్టుకు ఇవతల, పొడినేల మీద ఒక్కోసారి బుడబుడమంటూ ఊట పుడుతుంది. తేట నీరు వస్తే దాని మీద కన్నేసి ఉంచుతారు. ఊటతో ఇసుక కూడా వస్తోందంటే ప్రమాదం. గట్టు కింది మట్టి కొట్టుకుపోతోందన్నమాట. ఆ నోటిని మట్టితో మూసేస్తే నీరు పక్కన ఇంకో నోరు తెరుచుకుంటుంది. అందుకని దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావి వరలాగా కడతారు. వర లోపల నీరు పైకి లేచి, తన బరువుతో ఊట వేగాన్ని తగ్గిస్తుంది. ఇసుక రావడం ఆగిపోతుంది. అటువంటి ఊట ఎక్కడైనా మీ కంటబడితే దగ్గరికి వెళ్లకండి. పెద్దలకూ గట్టు సిబ్బందికీ పరుగున చెప్పండి.

గ్యాసు సిలిండరు తేలుతుందా?

ఇంట్లో వాడే నిండు సిలిండరును పైకెత్తి చూస్తే ఇది నీటిలో రాయిలా మునిగిపోతుందనిపిస్తుంది. లెక్క చూద్దాం. అందులో గ్యాసు 14.2 కిలోలు. ఖాళీ సిలిండరు బరువు 15, 16 కిలోలు. మొత్తం సుమారు 30 కిలోలు. దాని లోపల 33 లీటర్లకు పైగా చోటుంది. ఇనుము ఆక్రమించే చోటు కూడా కలుపుకుంటే అది తొలగించే నీరు సుమారు 35 లీటర్లు, అంటే 35 కిలోలు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం నిండు సిలిండరు కూడా తేలవలసిందే!

వరద ఇంట్లో చేరితే సిలిండరు తేలి, రబ్బరు గొట్టాన్ని లాగేస్తుంది. గ్యాసు బయటికి వస్తుంది. కాబట్టి ముందే రెగ్యులేటరు తీసి, సిలిండరుకు మూత బిగించి, నిలువుగా ఉంచి, కిటికీ ఊచకో స్తంభానికో తాడుతో గట్టిగా కట్టాలి. ఖాళీ డ్రమ్ములు, చెక్క బల్లలు, బీరువాలు కూడా తేలి తలుపులకు అడ్డం పడతాయి. బీరువా తేలడమా అని నవ్వకండి. తలుపు బిగించిన ఇనప బీరువాలో ఉండేది ఎక్కువగా గాలీ గుడ్డలూ కదా!

పశువులకు ఈత వచ్చు. కాని పలుపుతాడు గుంజకు కట్టి ఉంటే ఆ ఈత ఎందుకూ పనికిరాదు. మెరకకు తోలుకుపోవడానికి వేళ లేకపోతే కనీసం పలుపు విప్పి వదిలెయ్యాలి.

కారు సంగతి కూడా చూడండి. వెయ్యి కిలోల బరువున్న చిన్న కారు అడుగుభాగం వైశాల్యం సుమారు అయిదు చదరపు మీటర్లు అనుకుందాం. ఆ అడుగుభాగం నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. నీరు దాన్ని దాటి ఇంకో 20 సెంటీమీటర్లు పెరిగితే కారు తొలగించే నీరు ఒక ఘనపు మీటరు. అంటే ఒక టన్ను. కారు బరువూ అంతే! రోడ్డు మీద ఒకటిన్నర అడుగుల నీరు చేరేసరికి టైర్లు నేలను పట్టుకోవడం మానేస్తాయి. ఆ తరువాత స్టీరింగు ఎటు తిప్పినా కారు నీరు పోయే వైపే పోతుంది.

పారే నీరు పడదోస్తుంది

‘మోకాలి లోతే కదా, దాటెయ్యవచ్చు’ అనుకొని వాగులో దిగినవారు ఎందుకు కొట్టుకుపోతున్నారు? లోతు ఒక్కటే చూసి వేగాన్ని మరిచిపోవడం వల్ల.

పారే నీరు కాళ్ల మీద చూపే తోపు వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. మోకాలి లోతులో నిలబడిన మనిషి కాళ్ల మీద, నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో పారుతుంటే, సుమారు 5 కిలోల తోపు ఉంటుంది. సెకనుకు రెండు మీటర్లయితే 20 కిలోలు. మూడు మీటర్లయితే 45 కిలోలు! సెకనుకు రెండు మీటర్లంటే గబగబా నడిచే మనిషి వేగం కన్నా కాస్త ఎక్కువ. ఏటవాలుగా ఉన్న వాగులో అది పెద్ద వేగమేమీ కాదు.

అదే సమయంలో ఇంకో సంగతి జరుగుతుంది. నీరు మనల్ని పైకెత్తుతుంది కదా. నడుం లోతు నీటిలో మన బరువులో దాదాపు సగం నీరే మోస్తుంది. ఈతకు అది హాయి. వరదలో మాత్రం అదే చిక్కు. పాదాల మీద బరువు తగ్గితే నేలతో ఘర్షణ తగ్గుతుంది. ఘర్షణ తగ్గితే పట్టు పోతుంది. పక్కనుంచి తోపు పెరుగుతోంది, కింద పట్టు తగ్గుతోంది. మనిషి ఎంత బలవంతుడైనా ఈ లెక్క మారదు.

పైగా బురద నీటిలో అడుగు కనిపించదు. నిన్నటి దాకా ఉన్న రోడ్డు నీటి కింద కోసుకుపోయి ఉండవచ్చు. పట్నంలో అయితే మూత లేచిపోయిన మ్యాన్‌హోలు ఉండవచ్చు. కాజ్‌వే మీద నీరు పారుతుంటే నడిచి గాని, మోటారు సైకిలు మీద గాని, బస్సులో గాని దాటకూడదు. పెద్ద బస్సు బరువైనదే గాని, దాని పక్కభాగం కూడా పెద్దదే. ప్రవాహానికి అంత పెద్ద గోడ దొరుకుతుంది. వాగులు సాధారణంగా కొద్ది గంటల్లో తీసిపోతాయి. ఆ గంటలు ఇవతలి గట్టున కూర్చుంటే బడికి ఒక పూట ఆలస్యం, అంతేగా!

కనిపించని శత్రువు

స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు అంతగా ప్రవహించదని చదువుకున్నారు. వరద నీరు స్వచ్ఛమైనది కాదు. మట్టిలోని లవణాలు, మురుగు అన్నీ అందులో కరిగి ఉంటాయి. అది విద్యుత్తుకు చక్కని దారి.

నీరు ఇంటిని చేరకముందే, పొడినేల మీద నిలబడి, పెద్దవాళ్లు మెయిన్ స్విచ్ ఆపెయ్యాలి. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో దాన్ని వేరుగా ఆపడం మరవకూడదు. మెయిన్ ఆపినా బ్యాటరీ నుంచి విద్యుత్తు వస్తూనే ఉంటుంది. నీరు అప్పటికే చేరిపోతే నీటిలో నిలబడి స్విచ్చి ముట్టుకోవద్దు. విద్యుత్తు సిబ్బందికి కబురు చెయ్యాలి. స్తంభాలకూ, తెగిపడిన తీగలకూ, అవి మునిగిన నీటికీ దూరంగా ఉండాలి. తరచు ముంపుకు గురయ్యే ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడే ప్లగ్గులూ స్విచ్చి బోర్డులూ ఎత్తున పెట్టించుకోవడం, పునాది మెరక చేసుకోవడం తెలివైన పని.

ఇంకో దొంగదారి కూడా ఉంది. వీధి తలుపు ఎంత బాగా మూసినా స్నానాల గది తూము నుంచి, మరుగుదొడ్డి నుంచి నీరు ఇంట్లోకి ఉబికి రావచ్చు. నీరు తన మట్టాన్ని తానే వెతుక్కుంటుంది కదా. బయటి మట్టం ఎక్కువైతే గొట్టాల గుండా వచ్చి లోపలి మట్టాన్ని సరిచేస్తుంది. తూముల్లో గుడ్డలు కుక్కి, పైన ఇసుక బస్తాలు పెడితే కొంతవరకు ఆపవచ్చు.

చిక్కుకుపోతే?

వెళ్లిపొమ్మని అధికారులు చెప్పినప్పుడు వెళ్లిపోవడమే మొదటి మాట. ఏ కారణం చేతనైనా ఉండిపోతే డాబా మీదికో మేడ మీదికో చేరాలి. అటక మీదికి మాత్రం ఎక్కవద్దు. నీరు ఇంకా పెరిగితే అక్కడి నుంచి బయటికి దారి ఉండదు. వెంట తాగే నీరు, తినడానికి అటుకులో మరమరాలో, టార్చిలైటు, ఛార్జి చేసిన ఫోను, మందులు, ఒక ముదురు రంగు గుడ్డ ఉండాలి. పడవకో హెలికాప్టరుకో కనిపించేలా ఆ గుడ్డ ఊపవచ్చు. సహాయానికి 112కు ఫోను చెయ్యవచ్చు. ఫోను పదేపదే చూసి ఛార్జి అవగొట్టవద్దు.

నీటిలో పడిపోతే ఏం చెయ్యాలి? మన శరీరం సాంద్రత నీటి సాంద్రతకు ఇంచుమించు సమానం. అంచేత మనల్ని తేలించడానికి పెద్ద పడవ అక్కరలేదు. తలను నీటిపైన నిలపడానికి కొద్ది కిలోల ఆధారం చాలు. మూత గట్టిగా బిగించిన ఖాళీ 20 లీటర్ల డబ్బా సుమారు 20 కిలోలను తేల్చగలదు. దాన్ని గుండెకు హత్తుకొని ఉండాలి. ప్రవాహానికి ఎదురీదితే అలిసిపోతారు. నీటితో పాటే సాగుతూ, ఏటవాలుగా గట్టు వైపు జరగాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే మీరు నీటిలోకి దూకవద్దు. తాడు గాని, పొడవైన గెడ గాని, ఖాళీ డబ్బా గాని వాళ్లకు అందేలా విసరండి. పెద్దలను కేకేయండి.

నీరు తీసిన తరువాత

వరద తగ్గగానే ఇంట్లోకి పరుగెత్తాలనిపిస్తుంది. ఆగండి. నీరు నాలుగో పని ఇంకా ముగించలేదు.

ఎండిన పచ్చి ఇటుక ఒకదాన్ని తెచ్చి, బకెట్టులో సగం మునిగేలా ఒక రాత్రి ఉంచి చూడండి. మునిగిన భాగం మెత్తబడి విడిపోతుంది. మట్టి రేణువులను పట్టి ఉంచిన బంధం నీరు చేరాక సడలిపోయింది. మట్టి గోడలకు జరిగేదీ ఇదే. వరదలో నిలిచిన గోడ, నీరు తీసిన రెండో రోజునో మూడో రోజునో కూలవచ్చు. పెద్దలు గోడలూ, పునాది మూలలూ చూసి సరే అన్నాకే లోపలికి వెళ్లాలి. మూలల దగ్గర నీరు సుళ్లు తిరిగి మట్టిని ఎక్కువగా కోస్తుంది. పగుళ్లు కనిపిస్తే అడుగు పెట్టవద్దు.

సామాను కింద, బట్టల మడతల్లో పాములూ తేళ్లూ తలదాచుకుంటాయి. వాటికీ వరదే కదా! చేత్తో తియ్యకుండా కర్రతో కదిపి చూడాలి. బురద తడిగా ఉన్నప్పుడే నీళ్లు కొట్టి కడిగెయ్యాలి. ఎండితే గట్టిపడి ఒక పట్టాన వదలదు. తలుపులూ కిటికీలూ తెరిచి గాలి ఆడనివ్వాలి. గోడ లోపలి తడి ఆరడానికి వారాలు పడుతుంది. తొందరపడి సున్నమో రంగో వేస్తే పొరలుగా ఊడిపోతుంది.

తాగే నీటి విషయంలో బద్ధకం పనికిరాదు. నీరు తెర్లి, ఒక నిమిషమైనా అలా మరగాలి. బావిలోకి వరద నీరు చేరితే ఆరోగ్య సిబ్బంది వచ్చి బ్లీచింగ్ పౌడరు వేసేదాకా వాడవద్దు. ఎంత పొడి వెయ్యాలో తెలియాలంటే బావిలో ఎన్ని లీటర్ల నీరుందో తెలియాలి. ఆ లెక్క మీరు కట్టి ఇవ్వవచ్చు. బావి వ్యాసం రెండు మీటర్లు, నీటి లోతు మూడు మీటర్లు అయితే 3.14 × 1 × 1 × 3 = 9.42 ఘనపు మీటర్లు. అంటే 9,420 లీటర్లు.

విరేచనాలు పట్టుకుంటే శరీరంలో నీరు తగ్గకుండా చూడటమే ముఖ్యం. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే, మరిగించి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. చెంచా గుండుగా కాక సరిసమానంగా కొలవాలి. వరద నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు కాలి పుండ్ల గుండా లోపలికి పోతే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. పుండ్లున్నవారు ఆ నీటిలో తిరగకూడదు. వరద తరువాతి వారాల్లో జ్వరం వస్తే, నీటిలో తిరిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

మీరు చెయ్యగల పని

మీది ముంపు ప్రాంతమైతే ఈ వేసవిలోనే ఒక పని చెయ్యండి. మీ తాతగారినీ అమ్మమ్మనూ, చుట్టుపక్కల పెద్దలనూ అడిగి, ఏ ఏడు వరదలో నీరు మీ వీధిలో ఎంతవరకు వచ్చిందో తెలుసుకోండి. బడి గోడ మీదో రామాలయం అరుగు మీదో ఎవరైనా గుర్తు పెట్టి ఉంటే వెతకండి. అక్కడి నుంచి మీ గుమ్మానికి మట్టం కొలవండి. తాపీమేస్త్రీలు వాడే పలచని గొట్టం తెచ్చి నీళ్లు నింపితే, రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. మీ గుమ్మం ఆ గుర్తుకు ఎన్ని అడుగులు పైన ఉంది, ఎన్ని అడుగులు కింద ఉంది? ఒక కాగితం మీద రాయండి.

ఆ ఏడు మీకు దగ్గరి నది కొలబద్ద మీద అంకె ఎంతో కనుక్కొని పక్కన రాయండి. ఒక్క ఏటి లెక్కతో తొందరపడి నిర్ణయించవద్దు. కొలబద్ద దగ్గర అడుగు పెరిగితే మీ వీధిలోనూ సరిగ్గా అడుగే పెరుగుతుందని లేదు. నది వెడల్పును బట్టి, గట్లను బట్టి అది మారుతుంది. రెండు మూడు వరదల అంకెలు చేరితే మీ ఇంటికి ఏ అంకె దగ్గర ముప్పు మొదలవుతుందో తెలుస్తుంది. ఆ అంకెకు బాగా ముందే, ఏ వస్తువు ఎవరు పైకి చేర్చాలి, పశువులను ఎవరు తోలాలి, అందరూ ఎక్కడ కలుసుకోవాలి అన్నది అదే కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి.

దీనికి కావలసింది ఒక గొట్టం, ఒక టేపు, ఒక ఆదివారం. వానలు ఇంకా మొదలు కాకపోతే ఈ ఆదివారమే మంచిది.